చివరి ప్రయత్నమే లెక్క

"ఒక్కసారి మీ పాత ప్రశ్నపత్రాలు గుర్తు చేసుకోండి," అంది ఆమె తెర పక్కన నిలబడి. "భిన్నం కొట్టాలంటే అడ్డగీతలు పేర్చి పేర్చి వేలు నొప్పెట్టేది. వర్గం కొట్టాలంటే ఆ రెండు పైకి ఎక్కేది కాదు. చివరికి విసుగొచ్చి ప్రింటు తీసి, పెన్నుతో పైన దిద్దేవాళ్లు. అవునా, కాదా?"

ఇక్కడ నవ్వుతారు. నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా ఆమె కూడా పెదాలు సాగదీసి ఉంచి, ఆగాక వాటిని తెచ్చి మళ్లీ యథాస్థానంలో పెట్టింది. ఏ బడికెళ్లినా టీచర్లు ఈ మాట దగ్గరే నవ్వుతారు. తర్వాత ఏ మాట దగ్గర "అబ్బో" అంటారో, వెనక వరుసలో ఎలాంటివాళ్లు కూర్చుని ఫోను చూసుకుంటారో కూడా ఆమెకు తెలుసు. మొదట్లో ఆ "అబ్బో" వినడానికే హుషారుగా బస్సెక్కేది. ఇప్పుడు అది వినబడగానే తలాడించి తర్వాతి మాటకు వెళ్లిపోతుంది. నోరు తన పని తాను చేసుకుపోతుంటే, ఆమె లోపల ఎక్కడో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. కుర్చీలోంచి లేవాలని కూడా అనిపించదు.

హైస్కూల్లో సైన్సు, లెక్కలు చెప్పేవాళ్లు సమీకరణాలు చకచకా టైపు చేసుకోవడానికి ఒక చిన్న కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అది. కొన్న బడికల్లా వెళ్లి, టీచర్లను మూడు రోజులు కూర్చోబెట్టి నేర్పడం ఆమె ఉద్యోగం. కంపెనీవాళ్లు ఆమెకో హోదా, మెడలో వేసుకునే కార్డూ ఇచ్చారు గానీ, బళ్లలో ఆ కార్డు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అందరూ "సాఫ్ట్‌వేర్ మేడం" అనేస్తారు.

"ఇప్పుడు చూడండి. బ్రాకెట్లో వి మైనస్ యు. ఏటవాలు గీత. టి. అంతే, భిన్నం నిలబడింది. మళ్లీ చూడండి. హెచ్, రెండు, ఎస్, ఓ, నాలుగు. నేనింకేమీ ముట్టుకోలేదు. అంకెలు వాటంతట అవే కిందికి దిగి కూర్చున్నాయి."

"అబ్బో," అన్నారు.

తర్వాత సాధన. తెరకి ఎడమ పక్క ఒక సమీకరణం కనిపిస్తుంది, దాన్ని చూసి కుడిపక్క కొట్టాలి. వరసగా వస్తూనే ఉంటాయి. అన్నీ అయ్యాక కింద ఒక గీత పరుచుకుంటుంది. వేగంగా, తప్పుల్లేకుండా కొడితే పచ్చగీత, మధ్యరకమైతే పసుపు, మరీ నత్తనడకైతే ఎరుపు. "ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు, కంగారు పడకండి," అంది ఆమె ఎప్పటిలాగే. "చివరి ప్రయత్నమే లెక్క."

అందరికంటే ముందు పచ్చగీత తెచ్చుకున్నది లెక్కల టీచరు. ముప్పై దాటి ఉండవు. బళ్లో ఆమెను ఎక్స్‌ప్రెస్ అంటారట. వేళ్లు నిజంగానే ఆగకుండా పోతున్నాయి గానీ, గొంతే స్టేషన్లో నిలిచిపోయినట్టుంది. "అయిపోయింది మేడం" అన్న మాట కూడా గరగరమని సగమే బయటికొచ్చింది. పక్కన ఫ్లాస్కు పెట్టుకుని, గుక్కెడు వేడినీళ్లు తాగి, గొంతు పట్టుకుని, మరో గుక్కెడు తాగింది.

అందరికంటే వెనక ఉన్నది ఫిజిక్స్ మాస్టారు. ఆయన చొక్కా జేబు అంచు ఎప్పుడూ తెల్లగా ఉంటుంది, అందులో సుద్దముక్కలుంటాయి కాబట్టి. ఒక్క చూపుడువేలుతో, ఎవరింటి ముందో నిలబడి కాలింగ్ బెల్ నొక్కినట్టు ఒక మీట నొక్కి, ఎవరైనా తలుపు తీస్తారేమోనని తెర వైపు చూసి, తీశాక గానీ రెండోది నొక్కడం లేదు. అదీ చాలదన్నట్టు ఎడమ పక్క లేనివన్నీ కొడుతున్నాడు.

ఆమె వెళ్లి ఆయన భుజం మీదుగా చూసింది. ఎదురుగా ఉన్నది ఓమ్ సూత్రం, మూడే అక్షరాలు. ఆయన ఆ మూడూ కొట్టి, కింది వరుసలోకి దిగి, "ఉష్ణోగ్రత మారనంత వరకు" అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు.

"మాస్టారూ, అది అక్కర్లేదండీ. పక్కన ఉన్నంత వరకే కొట్టాలి."

"అది లేకపోతే ఇది అబద్ధమవుతుందమ్మా," అన్నాడాయన, తల తిప్పకుండానే. మాటలో కోపం లేదు, తలుపు వేసి వెళ్లమన్నట్టు మామూలుగా అన్నాడు.

తర్వాతది, వి ఈక్వల్‌టు యు ప్లస్ ఏటీ. ఆయన దాన్ని కొట్టలేదు. పైన ఏ అని మొదలుపెట్టి, వి మైనస్ యు బై టి రాసి, దాని కింద ఇంకో వరుస రాసి, మూడో వరుసకి అసలు సమీకరణం దగ్గరికొచ్చాడు.

"నేరుగా కొట్టెయ్యొచ్చు కదండీ?"

"ముప్పై ఏళ్లుగా బోర్డు మీద నడిచే వచ్చానమ్మా దీని దగ్గరికి. ఎగిరి దూకితే కాలు బెణుకుతుందేమోనని భయం." ఆయనే నవ్వాడు. గీత పరుచుకుంది, ఎర్రగా.

వెనక నుంచి ఎవరో, "మాస్టారికి ఎర్రజెండా," అన్నారు. ఇంకెవరో, "నవ్వకండి బాబూ, ఈ రంగుల్ని బట్టే ఊస్టింగులట," అన్నారు. ఆ మాటతో గదిలో కీబోర్డుల చప్పుడు ఒక్కసారిగా పెరిగింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ మేడం తన గదికి పిలిపించింది. బల్ల మీద అద్దం, అద్దం కింద టైంటేబులు, దాని మీద చెయ్యి ఆనించుకుని కూర్చునే మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహం కంటే టైంటేబులే ఎక్కువ చూస్తుంది.

"ఎవరు ఎంత వేగమో మీ దాన్లో రికార్డవుతుంది కదా?"

"అవుతుందండీ."

"మూడో రోజు చివర్న ఆ రిపోర్టు నాకివ్వండి. హెడ్డాఫీసు వాళ్లు అడిగారు. వచ్చే ఏడాది ఎవరెక్కడ ఉండాలో దాన్ని చూసే నిర్ణయిస్తారట."

"అలాగేనండీ," అంది ఆమె. అలాగేనండీ అనడం కూడా ఉద్యోగంలో భాగమే. మెట్లు దిగుతుండగా కిందటి నెల సంగతి గుర్తొచ్చింది. ఇంకో బళ్లో ఇలాగే రిపోర్టు అడిగితే అడిగినంత సేపు పట్టకుండా పంపేసింది. కొన్నాళ్లకి తమ కంపెనీ మేనేజరు ఫోన్లో నవ్వుతూ, "మన రిపోర్టు భలే పనికొచ్చిందట, ఇద్దరు ముసలాళ్లని సాగనంపారట," అన్నాడు. ఆమె "ఓహో" అంది. ఇప్పుడు ఆ ఇద్దరి మొహాలు గుర్తు తెచ్చుకుందామని మెట్ల మీద ఆగింది. ఒక్కటీ రాలేదు. కీబోర్డు మీద రెండు జతల చేతులు మాత్రం గుర్తొచ్చాయి. అందులో ఒక చేతికి ఉంగరం బిగుసుకుపోయి ఉంది. దానికి బాధపడాలని తెలుసు. బాధ వస్తుందేమోనని కాసేపు చూసి, రాకపోతే మిగిలిన మెట్లు దిగిపోయింది.

ఆమె ఉండేది అక్కా వాళ్లింట్లో. రాత్రి కంచం ముందు కూర్చుంటే బావ అడిగాడు, "ఏమ్మా, ఇవాళెన్ని సమీకరణాలకి బట్టలు తొడిగావు?"

"మామూలే బావా."

"దాన్ని కదపకండి. అది ఈ మధ్య మన సీలింగు ఫ్యాను లాగా తయారైంది," అంది అక్క, కూర వడ్డిస్తూ. "తిరుగుతూ ఉంటుంది, ఎక్కడికీ వెళ్లదు. ఏమైందే నీకు? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఏం కాలేదక్కా."

"అదే నా భయం. ఏదో ఒకటి అవుతే బావుణ్ను. కూర్చుని ఏడుద్దాం, లేకపోతే ఎవర్నైనా తిడదాం. ఏం కాలేదంటే నేనేం చెయ్యను?"

ఆమె నవ్వింది. అక్క ఆ నవ్వును పరీక్షగా చూసి, "ఇది మీ క్లాసులో నవ్వే నవ్వు. నా దగ్గర పనికిరాదు," అని గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

రెండో రోజు కంప్యూటరు గదిలో కరెంటు పోయింది. ఒక్క ఆ వరసలోనే పోయిందట, మెకానిక్ కోసం కబురు పంపారు. వరండాలో నిలబడి ఏం చేయాలో తోచక, తలుపు తీసి ఉన్న తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లి చివరి బెంచీలో కూర్చుంది. బోర్డు దగ్గర ఫిజిక్స్ మాస్టారు. ఆయన ఆమెను చూసి, "కూర్చో అమ్మా, ఖాళీగానే ఉంది," అని, జేబులోంచి కొత్త సుద్ద తీసి టప్పున మధ్యకి విరిచాడు. పొడుగ్గా ఉంటే కిర్రుమంటుంది, విరిస్తే అనదు. ఈ సంగతి తనకీ ఒకప్పుడు తెలుసని ఆమెకు గుర్తొచ్చింది. ఈ ఉద్యోగానికి ముందు ఆమె వేళ్ల సందుల్లోనూ ఆ తెల్లపొడి ఉండేది.

"బస్సు స్టాపులో ఉంది. వేగమెంత?"

"సున్నా సార్!"

"కండక్టరు ఈల వేశాడు. కదిలింది. మన పొట్టివాడు పరిగెడుతున్నాడు ఎక్కడానికి." ముందు బెంచీలో పొట్టివాడు లేచి నిలబడి అందరికీ దండం పెట్టాడు. "కూర్చోరా, బస్సు పోతోంది. మొదట్లో వేగం యు. కాసేపయ్యాక వి. ఎంత పెరిగింది?"

బోర్డు మీద వి మైనస్ యు పడింది. దాని కింద గీత, గీత కింద టి. నిన్న తెర ముందు బెల్లు నొక్కుతూ నిలబడ్డ మనిషి ఇతనేనా అనిపించింది. చెయ్యి భుజం నుంచి కదులుతోంది, గీత ఒక్క ఊపులో సాగుతోంది, అక్షరం ముగిసేసరికి చూపు పిల్లల వైపు తిరిగి ఉంటోంది. మూడో వరుసకి అసలు సమీకరణం వచ్చింది. పిల్లలు దాన్ని కాపీ చేసుకోలేదు, ముందే పైకి అరిచి చెప్పేశారు.

కిటికీ పక్క పిల్ల చెయ్యెత్తింది. "సార్, ఆ కింద టి సున్నా అయితే?"

మాస్టారు సుద్ద కింద పెట్టేశాడు. చేతులు దులుపుకున్నాడు. మొహం వెలిగిపోయింది. "టి సున్నా అయితే," అని ఆగి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇవాళ్టికి ఇక బస్సు కదలదు. ఈ అమ్మాయి చక్రం కింద రాయి పెట్టింది. చెప్పండి, అసలు టైమే గడవకపోతే వేగం మారుతుందా?"

గది గోలగోలైపోయింది. మారదన్నవాళ్లు కొందరు, ఎందుకు మారదన్నవాళ్లు కొందరు. బెల్లు కొట్టేదాకా ఎవరూ పుస్తకం ముట్టుకోలేదు. ఆమె బెంచీ మీద ముందుకు వంగి, చుబుకం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. వాళ్లతో పాటు తనూ జవాబు వెతుక్కుంటోందని, లోపలి కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో తెలియకుండానే లేచి వచ్చిందని గ్రహించేసరికి క్లాసు అయిపోయింది. ఆమెకు సంతోషంగా ఉంది. ఇది సంతోషమేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకుంది. అదే. దాని వెనకే భయం వచ్చింది. ఎర్రగీత ఈ మనిషి పేరు పక్కన ఉంది. రేపు సాయంత్రం ఆ పేరు తన చేత్తోనే పైకి వెళ్తుంది.

స్టాఫ్‌రూంలో ఎక్స్‌ప్రెస్ ఒక్కతే ఉంది, ఫ్లాస్కు మూత విప్పుకుంటూ.

"మాస్టారికి ప్రాక్టీసు కావాలండీ," అంది ఆమె, ఊరికే అన్నట్టు. "ఎర్రగీత వస్తే నిజంగా తీసేస్తారంటారా?"

"తీసేస్తారనే అంటున్నారు మేడం. ఆయన్ని తీసేస్తే పిల్లలు ఊరుకోరు. ఊరుకోకపోతే మాత్రం ఏం చేస్తారు పాపం." గుక్కెడు నీళ్లు తాగింది. "నా గతి చూడండి. డాక్టరు అరవొద్దంటాడు. యాభై మంది పిల్లల ముందు అరవకుండా లెక్క చెప్పడం ఎలాగో మాత్రం చెప్పడు. కాయలు కాశాయట గొంతులో. కూర్చుని చేసే పనేదైనా ఇస్తే కళ్లకద్దుకుంటాను. ఇవ్వరు."

"మీకు పచ్చగీతే కదా, మీకేం భయం లేదు," అంది ఆమె.

"నాకు ఉద్యోగం భయం లేదు మేడం. గొంతు భయం," అని ఎక్స్‌ప్రెస్ మూత బిగించుకుంది. ఆ మాట ఆమె విన్నది గానీ, అప్పటికే మనసు కంప్యూటరు గదిలో ఉంది.

మూడో రోజు చివరి పరీక్ష. టీచర్లు ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కొక్కరే వచ్చి తమ పేరు మీద నొక్కి, కొట్టి, గీత చూసుకుని వెళ్తున్నారు. మధ్యాహ్నానికి జాబితాలో ఒక్క పేరే మిగిలింది. మాస్టారు గుమ్మంలోంచి తొంగి చూసి, "నాకు ఎనిమిదో తరగతి ఉందమ్మా, అదయ్యాక వస్తాను," అని వెళ్లాడు.

గదిలో ఎవరూ లేరు. యంత్రాలన్నీ ఒకే చప్పుడు చేస్తున్నాయి. ఆమె మూల కంప్యూటరు ముందు కూర్చుని మాస్టారి పేరు మీద నొక్కింది.

పసుపు చాలనుకుంది. మధ్యరకం, ఎవరి కంటా పడని రకం. నెమ్మదిగా కొడదామనే మొదలుపెట్టింది. మొదటి సమీకరణం వచ్చింది, రెండో దాని కోసం చూసేలోపు చేతులు మూడోదానిలో ఉన్నాయి. ఏ బళ్లో ఎన్నిసార్లు కొట్టి చూపించిందో, ఆ సమీకరణాలు ఆమెకు కళ్లతో పని లేకుండా వేళ్లలోనే ఉన్నాయి. ఆపింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. కావాలని ఒక తప్పు చేసింది. తప్పు చేసిన మరుక్షణం వేలు దానంతట అదే వెనక్కి వెళ్లి దిద్దేసింది. ఆ వేళ్లకి మెల్లగా కొట్టడం చేతకావడం లేదు. మిగిలినవి కూడా అలాగే జారిపోయాయి.

గీత పరుచుకుంది. పచ్చగీత. జాబితాలో మాస్టారి పేరు ఎగిరి అందరికంటే పైన, ఎక్స్‌ప్రెస్ పేరు మీద కూర్చుంది.

మళ్లీ చేద్దామా అనుకుంది. వరండాలో ఎవరివో అడుగులు వినిపించాయి. పోనీలే, పచ్చ అయితే మాత్రం నష్టమేముంది, ఉద్యోగం నిలబడుతుంది కదా, అనుకుని లేచి నిలబడింది. గుండె దడదడ కొట్టుకుంటోంది. చాలా కాలానికి అది కొట్టుకోవడం తెలుస్తోంది.

మాస్టారు చేతులకి సుద్దతో వచ్చాడు. "ఇప్పుడు కూర్చోనా?"

"అక్కర్లేదండీ. మొదటి రోజుదే తీసుకున్నాను."

"మొదటి రోజుది ఎర్రగా ఉందిగా అమ్మా?"

"పర్వాలేదు మాస్టారూ. మీరు వెళ్లండి."

ఆయన కాసేపు ఆమె మొహం చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. సాయంత్రం ఆమె రిపోర్టు ప్రిన్సిపాల్ మేడం చేతికిచ్చింది. ఆ రాత్రి అక్క అడక్కుండానే ఆమె రెండోసారి కూర వడ్డించమంది. బావ ఏదో అంటే గట్టిగా నవ్వింది. అక్క వడ్డిస్తూ ఆగి, "ఏదో అయింది దీనికి, హమ్మయ్య," అంది.

తర్వాతి వారం మేనేజరు ఫోను చేశాడు. "ఆ బళ్లో ఇంకో మెషీన్‌కి పూర్తి వెర్షన్ పెట్టి రావాలి. కొత్త గది తీశారట. వాళ్లకున్న బళ్లన్నిటికీ ప్రశ్నపత్రాలు అక్కణ్నించే కొడతారట. మన పంట పండింది."

ఆమె వెళ్లేసరికి ప్రిన్సిపాల్ మేడమే స్వయంగా వెంటబెట్టుకుని తీసుకెళ్లింది, లాబొరేటరీ పక్క గదికి. ఒకప్పుడు పగిలిన బీకర్లు, పాత చార్టులు పడేసిన గది. ఇప్పుడు గోడలకి కొత్త రంగు వేశారు. కిటికీ లేదు. ఒక ఏసీ, ఒక బల్ల, ఒక కంప్యూటరు. దాని ముందు ఫిజిక్స్ మాస్టారు.

"హెడ్డాఫీసు ఆలోచన," అంది ప్రిన్సిపాల్ మేడం సంబరంగా. "అందరిలోకీ వేగమైన మనిషిని ఒక్కర్ని క్లాసుల్లోంచి తప్పించి ఈ పనికే పెడితే, మిగతావాళ్లందరికీ టైము మిగుల్తుంది. మా లెక్కల టీచరు వస్తుందనుకున్నాం. చూస్తే ఈయన! ముప్పై ఏళ్లు అరిచిన గొంతుకి రిటైర్మెంటు దాకా విశ్రాంతి. అదృష్టవంతుడు."

ఆమె ప్రిన్సిపాల్ మేడం వైపు తిరిగింది. "మరి ఎర్రగీత వచ్చినవాళ్లు?"

"వాళ్లకేం? వాళ్ల క్లాసులు వాళ్లు చెప్పుకుంటారు," అని ప్రిన్సిపాల్ మేడం టైంటేబులు గుర్తొచ్చి గబగబా వెళ్లిపోయింది.

ఆమె బ్యాగు కింద పెట్టింది. చేయాల్సిన పని చేతులు మొదలుపెట్టాయి, డ్రైవు తీశాయి, పెట్టాయి, ఫైలు నొక్కాయి. తెర మీద నీలంగీత పాకుతోంది. గోడ అవతల తొమ్మిదో తరగతి. అక్కడి నుంచి చిన్న మైకులో ఎక్స్‌ప్రెస్ గొంతు వస్తోంది, రాసిరాసి అరిగిపోయిన పెన్నులా గీరుకుంటూ. "వి ఈక్వల్‌టు యు ప్లస్ ఏటీ. రాసుకోండి. కింద గీత కొట్టండి. మాటలొద్దు, ప్లీజ్."

"నా క్లాసులు కూడా ఆ అమ్మాయికే వేశారు," అన్నాడు మాస్టారు. ఆయన జేబు అంచు శుభ్రంగా ఉంది. "లెక్కలవాళ్లు ఫిజిక్స్ చెప్పలేరా అన్నారు. చెప్పగలదు. గొంతే లేదు పాపం."

"మాస్టారూ."

"ఊఁ."

"ఆ పరీక్ష మీరు రాయలేదు. నేను రాశాను."

చెప్పేసింది. నీలంగీత సగానికి వచ్చింది.

"తెలుసమ్మా," అన్నాడాయన. "ఆ వేళ నేను ఎనిమిదో తరగతిలో అద్దాలు చెబుతున్నాను. ఒకేసారి రెండు చోట్ల ఉండటం పుస్తకంలో లేదు కదా. మొదటి రోజుది తీసుకున్నానన్నావు. అది తీసుకుంటే పచ్చ ఎలా అవుతుంది?"

"తెలిసీ ప్రిన్సిపాల్ మేడంతో చెప్పలేదా?"

"చెబితే ముందు ఎవర్ని అడుగుతారు? నిన్నే. నీ ఉద్యోగం పోతుంది." ఆయన మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసేశాడు. "నా ఉద్యోగం నిలబెడదామని చేశావని అర్థమైంది. మంచి పిల్లవి. పోనీలే, ఎలాగోలా రిటైరైపోతాను అనుకున్నాను."

ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నోరు మూసుకుని, ఈ కిటికీ లేని గదిని కట్టారు. ఆమెకు ఏడుపొచ్చింది. నెలల తరబడి దాని కోసం చూసినప్పుడు రానిది, ఇప్పుడు అడ్డూ అదుపూ లేకుండా వచ్చింది. గోడ అవతల మైకు గీరుకుంటూనే ఉంది. కిటికీ పక్క పిల్ల ఏమీ అడగడం లేదు.

కళ్లు తుడుచుకుని ఆమె ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. నిలబడే చెప్పింది. ఎవరి పేరు మీద ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో, మాస్టారికి అందులో ఏ పాత్రా లేదని.

ప్రిన్సిపాల్ మేడం మొదటిసారి టైంటేబులు మీద నుంచి చెయ్యి తీసింది. "అంటే హెడ్డాఫీసుకి నేను పంపింది దొంగ రిపోర్టా?"

"నేనిచ్చిందండీ."

"మీ కంపెనీకి రాస్తాను. ఊరుకోను."

"రాయండి. కానీ ముందు ఒక్కసారి వచ్చి చూడండి. ఎన్నిసార్లయినా చేసుకోవచ్చండీ దాన్లో. చివరి ప్రయత్నమే లెక్క."

ఎన్ని వందలసార్లు అన్న మాటో అది. ఈసారి దాని అర్థం కూడా తెలిసి అన్నది.

ముగ్గురూ ఆ గదిలో చేరారు. ప్రిన్సిపాల్ మేడం చేతులు కట్టుకుని మాస్టారి కుర్చీ వెనక నిలబడింది. బెల్లు కొట్టి, మైకు ఆగి, ఎక్స్‌ప్రెస్ ఫ్లాస్కు పట్టుకుని ఇటుగా పోతూ గుమ్మంలో ఆగిపోయింది. ఆమె మాస్టారి పేరు మీద నొక్కి పక్కకి జరిగింది.

"మామూలుగా కొట్టండి మాస్టారూ. మీకు ఎలా అలవాటో అలాగే."

ఆయన చూపుడువేలు మళ్లీ ఆ కాలింగ్ బెల్ నొక్కింది. తెర వైపు చూశాడు. ఇంకోసారి నొక్కాడు. ఓమ్ సూత్రం అయింది. కింది వరుసలోకి దిగాడు. ఉ కోసం వెతుక్కున్నాడు. ష్ణో కోసం ఇంకా చాలాసేపు వెతుక్కున్నాడు.

"అదేంటండీ, అక్కడ లేదుగా?" అంది ప్రిన్సిపాల్ మేడం ఉండబట్టలేక.

"లేదండీ. ఉండాలి."

ప్రిన్సిపాల్ మేడం వాచీ చూసుకుంది. కాలు మార్చి నిలబడింది. మళ్లీ వాచీ చూసుకుంది. ఏ ఈక్వల్‌టు మొదలైంది. వి మైనస్ యు. ఏటవాలు గీత మరిచిపోయి, ఆయన వేలితో తెర మీదే అడ్డంగా గీత గీయబోయి, నాలిక్కరుచుకుని ఆగిపోయాడు. గుమ్మంలో ఎక్స్‌ప్రెస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చాల్లెండి, చాల్లెండి," అంది ప్రిన్సిపాల్ మేడం. "ఇలా అయితే అన్ని బళ్ల ప్రశ్నపత్రాలు వచ్చే జన్మకి తయారవుతాయి." గుమ్మం వైపు తిరిగింది. "ఏమమ్మా, ఈ పని నువ్వు చేస్తావా?"

ఎక్స్‌ప్రెస్ జవాబు చెప్పబోతే గొంతు రాలేదు. తల ఊపింది. ఆపకుండా ఊపుతూనే ఉంది.

"ఇంకా రెండున్నాయమ్మా," అన్నాడు మాస్టారు తెర చూస్తూ. ఆ రెండూ పూర్తి చేశాకే లేచాడు.

గీత పరుచుకుంది. ఎడమ చివర్నే ఆగిపోయిన పొట్టి గీత, మిరపపండు ఎరుపు. ఏ బళ్లోనూ ఇంత ఎర్రగా వచ్చినట్టు ఆమెకు గుర్తులేదు. జాబితాలో మాస్టారి పేరు దడదడా దొర్లుకుంటూ అందరికంటే కిందికి వెళ్లి పడింది. ఎవరూ నవ్వని ఆ చోట ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేక, గోడకి ఆనుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. ప్రిన్సిపాల్ మేడం ఈ మనిషికి మతి పోయిందేమోనన్నట్టు చూసి, "మీ మేనేజరు నంబరివ్వండి," అంది. ఆమె నవ్వుతూనే చెప్పింది.

ఎక్స్‌ప్రెస్ గుమ్మంలోంచి లోపలికొచ్చి, ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, తన చేతిలో మిగిలిన సుద్దముక్క మాస్టారి ముందుకు చాపింది. ఆయన దాన్ని తీసుకుని పొడుగు చూసుకున్నాడు. టప్పున మధ్యకి విరిచి, తలుపు తీసుకుని పక్క గదిలోకి వెళ్లాడు.